సంతోషాన్ని కొలవలేం అన్నారు.. ఆయన కొలిచి చూపించారు! | ఎడ్ డీనర్ కథ

ఈరోజు కథలోకి వెళ్లే ముందు ఒక చిన్న పని. మొత్తం మీద మీ జీవితం మీకు ఎంత తృప్తిగా ఉంది? 1 నుంచి 7 లోపు ఒక నంబర్ మనసులో అనుకోండి. అస్సలు లేదంటే 1, ఇంకేం అక్కర్లేదు అనిపిస్తే 7. అనుకున్నారా? పక్కన పెట్టండి, చివర్లో దాంతో పనుంది.

ఈ ప్రశ్నని సైన్స్‌లోకి తెచ్చినవాళ్లలో ముందు వరసలో ఉండే పేరు ఎడ్ డీనర్. 1946లో కాలిఫోర్నియాలో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. కొడుకు కూడా వ్యవసాయమే చూసుకోవాలని నాన్న ఆశ. ఈయనకేమో మనుషుల మీద ఆసక్తి. మన ఇళ్లల్లో జరిగే కథే కదా!

కాలేజీలో ఉన్నప్పుడు, వ్యవసాయ కూలీల సంతోషం మీద రీసెర్చ్ చేస్తానని ప్రొఫెసర్‌ని అడిగారు. తమ పొలంలో పనిచేసేవాళ్లని చిన్నప్పటినుంచీ చూశారు, వాళ్లు సంతోషంగానే ఉన్నట్టు అనిపించేది. ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. కూలీలు సంతోషంగా ఉండరు, అయినా సంతోషాన్ని కొలవడం కుదరదు అన్నారు. చేసేదేం లేక వేరే టాపిక్ తీసుకున్నారు.

1974లో పీహెచ్‌డీ అయ్యాక ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరారు. అక్కడా మొదట్లో వేరే విషయాల మీదే పని. ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక, 1980ల మొదట్లో, పాత ప్రశ్నని మళ్లీ బయటికి తీశారు. 1984లో అప్పటిదాకా వచ్చిన రీసెర్చ్ అంతా ఒక పెద్ద వ్యాసంలో ఒక దగ్గరికి తెచ్చారు. 1985లో తన టీమ్‌తో కలిసి జీవిత తృప్తిని కొలిచే స్కేల్ తయారుచేశారు. అందులో ఉన్నది ఐదే ఐదు వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. మొత్తం 35కి. 20 వస్తే సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. ఇంత సింపుల్ కాబట్టే ప్రపంచమంతా వాడుతోంది.

అదే ఏడాది ఇంకో స్టడీ. ఫోర్బ్స్ లిస్టులో ఉన్న 49 మంది కుబేరుల్ని, 62 మంది మామూలు జనాన్ని పోల్చి చూశారు. కుబేరులు ఎక్కువ సంతోషంగా ఉన్నారు, కానీ కాస్తే ఎక్కువ!

మరి పేదల సంగతి? ఆయన కొడుకు రాబర్ట్ కూడా సైకాలజిస్టే. ఇద్దరూ కలిసి చేసిన కోల్‌కతా స్టడీ 2001లో వచ్చింది. మురికివాడల్లో, ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లు, సెక్స్ వర్కర్లు, మొత్తం 83 మంది. జీవితం మొత్తానికి వాళ్లిచ్చిన మార్కులు సగం కంటే కొంచెం తక్కువే. కానీ కుటుంబం, స్నేహితులు అని విడివిడిగా అడిగితే తృప్తి కనిపించింది. అంటే "పేదోళ్లే హ్యాపీ" అనే డైలాగూ తప్పే, "వాళ్లకి సంతోషమే ఉండదు" అన్న ఆ ప్రొఫెసర్ మాటా తప్పే. అడిగితేనే తెలుస్తుంది.

ఇప్పుడు నన్ను కదిలించిన స్టడీ. కొన్నేళ్ల క్రితం నన్ను జాబ్‌లోంచి తీసేశారు. పది నిమిషాల కాల్, అంతే. నాలుగు నెలలకి ఇంకో జాబ్ వచ్చింది, జీతం కూడా ఎక్కువే. ఇంట్లో అందరూ "అయిపోయింది కదరా, ఇంకేంటి" అన్నారు. కానీ హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్ వస్తే చాలు, కడుపులో తిప్పేది. నేనే వీక్ అనుకున్నాను.

ఏం జరిగినా మనిషి కొన్నాళ్లకి తన మామూలు స్థాయికి వచ్చేస్తాడని చాలామంది సైకాలజిస్టులు నమ్మేవాళ్లు. 2004లో రిచర్డ్ లూకస్, డీనర్, మరికొందరు జర్మనీలో 24,000 మందికి పైగా జనం 15 ఏళ్ల డేటా చూశారు. ఉద్యోగం పోయినవాళ్ల తృప్తి పడిపోయింది. కొత్త ఉద్యోగం వచ్చాక పెరిగింది, కానీ సగటున పాత స్థాయికి పూర్తిగా చేరలేదు!

అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. బాధ తగ్గలేదు కానీ సిగ్గు పోయింది. ఇది సగటు లెక్క, అందరి తలరాతా కాదు. అయినా లేఆఫ్ అయిన ఫ్రెండ్‌తో "ఇంకో జాబ్ వస్తుందిలే" అని వదిలేయకూడదని మాత్రం అర్థమైంది. జాబ్ వచ్చాక కూడా ఒకసారి ఫోన్ చేయాలి.

డీనర్, మార్టిన్ సెలిగ్మన్ 2002లో బాగా సంతోషంగా ఉన్న కాలేజీ విద్యార్థుల్ని చూస్తే, వాళ్లకీ బాధలు వస్తున్నాయి. కానీ వాళ్లకి మనుషులతో గట్టి బంధాలున్నాయి.

డీనర్ 2021 ఏప్రిల్‌లో చనిపోయారు. కుదరదు అన్న ప్రశ్నని పదేళ్లకు పైగా దాచుకుని, తర్వాత జీవితమంతా దాని మీదే పనిచేశారు.

మీ నంబర్ గుర్తుందా? నాకు చెప్పక్కర్లేదు. ఈరోజు ఒక్కరికి ఫోన్ చేసి, వాళ్ల నంబర్ ఎంతో అడగండి. చెప్పేది పూర్తిగా వినండి. ఉంటాను, బై!