ఆరా ఎవరిది? గుట్టు ఎవరిది?

వాత్స్యాయనుని కామసూత్రాలనగానే ముఖం తిప్పుకొనేవారు కొందరు, ముసిముసిగా నవ్వేవారు కొందరు. నేను భాషాప్రవీణ చదివిన రోజులలో మా గురువులు ఆ గ్రంథం పేరు మాత్రం చెప్పి ముందుకు సాగిపోయేవారు. ఉద్యోగ విరమణానంతరం తీరికగా చదివినప్పుడు అందులోని ఆరవదైన వైశికాధికరణం నన్ను ఆలోచింపజేసింది.

పాటలీపుత్రపు గణికలు కోరగా దత్తకుడు ఈ విషయాన్ని వేరుగా ఒక గ్రంథం చేశాడని వాత్స్యాయనుడే మొదట చెప్పాడు. అంటే ఆ వృత్తిలోని స్త్రీలు తమ అవసరం కొద్దీ అడిగి వ్రాయించుకొన్న శాస్త్రమన్నమాట! ఈ అధికరణపు తొలి అధ్యాయంలోనే విటుని గురించి ఆరా తీసే పద్ధతి ఉంది. అతని శుచిత్వమెట్టిది, మనసెట్టిది, ఈవి ఎట్టిది అన్న సంగతులు గాయకులు, హాస్యగాండ్రు మొదలైనవారి ద్వారా ముందుగా తెలుసుకోవాలి. రోగి, పరుషభాషి, నిర్దయుడు, దొంగ, దాంభికుడు విడువదగినవారు. ఆమెకు సహాయులుగా నగర రక్షకులు, న్యాయాధికారులు మొదలుకొని పూలమాలలు కట్టేవాడు, రజకుడు, క్షురకుడు వరకు ఎందరినో పేర్కొన్నాడు. ఊరివారి గుట్టుమట్లు తెలిసేది వీరికే కదా! అయితే ఇంత పరివారం సంపన్న గణికకే సాధ్యం. అదే గ్రంథం పేర్కొన్న కుంభదాసికి కాదు.

ఇక ఆంగ్లేయుల కాలానికి వద్దాం. సైనికులకు, నావికులకు సుఖవ్యాధులు సోకకుండా 1868లో అంటురోగాల చట్టం తెచ్చి, కలకత్తా, బొంబాయి, మదరాసు నగరాలలో అమలుచేశారు. స్త్రీ తన పేరు నమోదు చేయించుకోవాలి, వైద్యపరీక్షకు వెళ్ళాలి. రోగముంటే ‘లాక్ ఆసుపత్రి’లో ఉండాలి. ఆమె వద్దకు వచ్చిన పురుషునికి మాత్రం నమోదూ లేదు, పరీక్షా లేదు. ఆరా తీయవలసిన ఆమెనే ఆరా తీశారు. గుట్టు అతనికి మిగిలింది. తీవ్రమైన నిరసనల మీదట 1888లో ఆ చట్టం రద్దయింది. ఆమెను బయటపెట్టి అతనిని దాచే అలవాటు మాత్రం రద్దు కాలేదు. పోలీసు దాడుల వార్తలలో కొంగుతో ముఖం కప్పుకొన్న స్త్రీల ఛాయాచిత్రాలు ఎన్ని చూడలేదు!

2022 మే 19న తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు నాయకత్వాన సుప్రీంకోర్టు ధర్మాసనం, దాడులలోనూ అరెస్టులలోనూ ఈ స్త్రీలెవరో వెల్లడి కాకుండా పత్రికలు, ప్రసార మాధ్యమాలు జాగ్రత్త వహించాలని ఆదేశించింది. ఆధార్ నమోదు సంఖ్యలో సైతం వారి వృత్తిని పట్టి ఇచ్చే సంకేతమేదీ ఉండరాదన్నది.

గుట్టు సంసారుల సొత్తని మన లోకపు తలంపు. ఎవరు గుమ్మమెక్కుతారో తెలియని స్త్రీకి, ఎదుటివాని సంగతి తెలుసుకోవడమూ తన సంగతి దాచుకోవడమూ రెండూ ప్రాణరక్షణలే. ఆ మాటలో సగమైనా పాటలీపుత్రపు గణికలు శాస్త్రానికి ఎక్కించగలిగారు. మిగిలిన సగం న్యాయస్థానపు కాగితం మీదికి రావడానికి ఇంత కాలం పట్టింది. కాగితం మీదినుండి వీధిలోకి రావడానికి ఇంకెంత పడుతుందో, మిత్రులే ఆలోచించండి.