చపాతీ పిండిది తప్పా, గ్లాస్గో ఎండది తప్పా? విటమిన్ డి వెనకున్న కథ

యూకే వెళ్తున్న మనవాళ్ల సూట్‌కేసులో ఆవకాయ ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ ఉంటుంది, జ్వరం మాత్రలు కూడా ఉంటాయి. విటమిన్ డి మాత్రం చాలామందికి అక్కడ ఒక చలికాలం గడిచి, ఒళ్లునొప్పులు మొదలయ్యాకే గుర్తొస్తుంది. మనకంటే ముందు వెళ్లినవాళ్లు దీనికి చాలా పెద్ద మూల్యం కట్టారు. ఈరోజు ఆ కథ చెప్తాను.

ముందు కొంచెం సైన్స్. ఎండలో ఉండే యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితే మన ఒళ్లే విటమిన్ డి తయారుచేసుకుంటుంది. హైదరాబాద్ భూమధ్యరేఖకి 17 డిగ్రీల ఉత్తరాన ఉంటే, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో దాదాపు 56 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ అక్టోబర్ నుంచి మార్చి దాకా ఎండ కంటికి కనిపిస్తుంది గానీ అందులో పనికొచ్చే యూవీబీ దాదాపు ఉండదు. పైగా మన చామనఛాయ ఒంట్లో మెలనిన్ ఎక్కువ. అది పుట్టుకతో వచ్చిన సన్‌స్క్రీన్. తెల్లవాళ్లతో సమానంగా డి తయారవ్వాలంటే మనం ఇంకా ఎక్కువసేపు ఎండలో ఉండాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

అసలు ఈ సమస్య బ్రిటన్‌కి కొత్తదా అంటే, అస్సలు కాదు. పిల్లల ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వచ్చే రికెట్స్‌ని యూరప్‌లో 'ఇంగ్లిష్ జబ్బు' అనేవాళ్లు. ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే డాక్టర్ 1650లోనే దీనిమీద లాటిన్‌లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టర్ అల్ట్రావయొలెట్ ల్యాంప్ వెలుగుతో పిల్లల రికెట్స్ తగ్గించి చూపించాడు. దాదాపు అప్పుడే మెలన్‌బీ అనే ఇంగ్లిష్ సైంటిస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేసి కాడ్ లివర్ ఆయిల్ పనిచేస్తుందని తేల్చాడు.

నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఆ తర్వాత జరిగిందే. 1940లో, యుద్ధం నడుస్తుండగా, మార్గరీన్‌లో విటమిన్ ఎ, డి కలపడం బ్రిటన్ ప్రభుత్వం తప్పనిసరి చేసింది. చిన్నపిల్లలకి కాడ్ లివర్ ఆయిల్ పంచింది. అంటే జనం రోజూ బ్రెడ్ మీద రాసుకునేదాంట్లోనే మందు కలిపేసింది. రికెట్స్ బాగా తగ్గిపోయింది.

తర్వాత పాకిస్తాన్, ఇండియా నుంచి జనం వలస వెళ్లారు. గ్లాస్గోలో చాలామంది బస్ కండక్టర్లుగా, డ్రైవర్లుగా పనిచేశారు. 1962లో డన్నిగన్ అనే డాక్టర్, ఆయన టీమ్ కలిసి ఒక పేపర్ వేశారు. గ్లాస్గో పాకిస్తానీ కుటుంబాల్లో రికెట్స్, పెద్దవాళ్లలో ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేషియా కనిపిస్తున్నాయని. పోయిందనుకున్న జబ్బు మళ్లీ వచ్చింది.

ఎందుకొచ్చింది? 1970లలో వేలు చపాతీ వైపు తిరిగింది. ముడి గోధుమ పిండిలో ఉండే ఫైటేట్ కాల్షియంని పట్టేసుకుంటుంది కాబట్టి అదే కారణం అన్నారు. ఇంకొందరు ఆడవాళ్ల బట్టలు అన్నారు, శాకాహారం అన్నారు. వీటిలో కొంత నిజం లేకపోలేదు. కానీ చిన్న లాజిక్ చూడండి. తెల్లవాళ్లకి డి అందింది మార్గరీన్ ద్వారా. మనవాళ్లు వాడేది నెయ్యి, వెన్న. మరి చపాతీ పిండిలో డి కలిపితే సరిపోయేది కదా? అలా కలపమని అడిగారు కూడా. 1980లో ప్రభుత్వ నిపుణుల కమిటీ వద్దంది. దీని వెనక ఒక పాత భయం ఉంది. 1950లలో కొందరు పసిపిల్లలకి డి ఎక్కువై రక్తంలో కాల్షియం పెరిగిపోయింది, దాంతో పిల్లల ఆహారంలో డోస్ తగ్గించాల్సి వచ్చింది. భయం నిజమైనదే. అయినా ఒకరికి తిండిలో కలిపిచ్చి, ఇంకొకరికి అలవాట్లు మార్చుకోమని చెప్పడం నాకైతే న్యాయంగా అనిపించదు. 1981లో ఆరోగ్య శాఖ, సేవ్ ద చిల్డ్రన్ కలిసి మొదలుపెట్టిన 'స్టాప్ రికెట్స్' ప్రచారం మీద కూడా ఇదే విమర్శ వచ్చింది.

గ్లాస్గో మాత్రం 1979లోనే సింపుల్‌గా ఆలోచించింది. ఆసియా కుటుంబాల పిల్లలకి విటమిన్ డి ఫ్రీగా ఇచ్చింది. కొన్నేళ్లకి చూస్తే రికెట్స్‌తో హాస్పిటల్‌కి వచ్చే పిల్లలు స్పష్టంగా తగ్గారు. చపాతీ ఎవరూ మానలేదు.

"మనది అన్నం బ్యాచ్, మనకేం కాదు" అనుకోకండి. తిరుపతి డాక్టర్లు మన రాయలసీమ వైపు చేసి 2007లో ప్రచురించిన స్టడీలో, అంత ఎండలో ఉండే ఆరోగ్యవంతుల్లో కూడా డి తక్కువగానే ఉంది. సిటీవాళ్లలో ఇంకా తక్కువ. అంటే చాలామంది ఫ్లైట్ ఎక్కేటప్పటికే లో బ్యాలెన్స్‌తో ఎక్కుతున్నారు.

2016 నుంచి యూకేలో అధికారిక సలహా ఏంటంటే, చలికాలంలో అందరూ రోజుకి 10 మైక్రోగ్రాముల డి తీసుకోవడం గురించి ఆలోచించాలి. అది 400 ఐయూ. మన లాంటి చర్మం ఉన్నవాళ్లు ఏడాదంతా. ఇంకో విషయం, ఇక్కడి మెడికల్ షాపులో దొరికే 60,000 ఐయూ సాచెట్లు పట్టుకెళ్లేవాళ్లు జాగ్రత్త. డాక్టర్లు వాటిని మామూలుగా వారానికి ఒకటి, కొన్ని వారాలకే రాస్తారు. రోజూ వేసుకుంటే 1950ల పసిపిల్లలకి అయినట్టే కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. వెళ్లేముందు ఒక బ్లడ్ టెస్ట్ చేయించుకుని, డాక్టర్‌ని అడిగి ప్యాక్ చేసుకోండి.