ఎవరి బిడ్డ? ఎవరి సంతకము?

గడచిన శ్రావణమాసములో మా వీథిలోని ఒక ఇల్లాలు తన పండ్రెండేండ్ల కూతురిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. "పంతులుగారూ, కొత్తగూడెంలో డాక్టరమ్మ మా పాపకు ఒక సూది వేయించమంటున్నది. పెద్దయినంక గర్భసంచి మూతికి క్యాన్సర్ రాకుండ వేసే సూదంట. మా అత్తమ్మ మాత్రం వద్దంటున్నది. భద్రాచలం పిల్లలను చంపిన సూది అదేనంట. మీరేమంటరు?" అని అడిగెను. నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను ఆ ప్రశ్నలో సగము వైద్యమునకు చెందినది, సగము చరిత్రకు చెందినది. ఆ రెండవ సగమును గూర్చి నేనెఱిగినంత ఈ పూట మీకు మనవి చేయుదును.

ఇది సీమదేశమున జరిగిన కథ కాదు. మన చండ్రుగొండకు కూతవేటు దూరమన్నను తప్పులేదు. ఆ నాటికి మనమందఱము ఖమ్మము జిల్లావారమే; భద్రాద్రి కొత్తగూడెము వేఱు జిల్లా అయినది 2016లో గదా. 2009వ సంవత్సరము జూలై 9వ తేదీన ఖమ్మము జిల్లాలో ఒక టీకా కార్యక్రమము ఆరంభమయ్యెను. గర్భాశయముఖమునకు వచ్చు క్యాన్సరునకు మూలమైన క్రిమిని అడ్డగించు టీకా అది. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును కూడి దీనిని నడిపిరి. ధనము గేట్సువారి ధర్మనిధినుండి వచ్చెను. మెర్క్ అను కంపెనీవారి గార్డసిల్ టీకాను భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల లోపలి బాలికలకు, ఆఱు నెలలలో మూడు మోతాదులుగా వేయదలచిరి. ఇట్లు సూది వేయించుకొన్నవారు 14,000 పైచిలుకు. గుజరాతులోని వడోదర జిల్లాలో మఱియొక కంపెనీ టీకాతో ఇట్టి కార్యక్రమమే నడచెను.

ఈ వ్యాధి సామాన్యమైనది కాదని ముందుగా చెప్పవలెను. మన దేశమున ఏటేట లక్షమందికి పైగా స్త్రీలు దీని వాతబడుచున్నారు. డెబ్బదివేలమందికి మించి ప్రాణములు కోల్పోవుచున్నారు. పొలముపని చేసి సంసారమీదు పేదరాండ్రే వారిలో హెచ్చు. అట్టి రోగమునకు ముందుగానే కట్టుకట్టు మందు దొరకినదన్న సంతోషింపనివాడెవ్వడు? కావున ఉద్దేశమును నేను తప్పు పట్టను. తప్పు జరిగినది అడుగుటలో.

బాలికలలో పెక్కుమంది ఆశ్రమ పాఠశాలలలో, వసతిగృహములలో నుండి చదువుకొనువారు. కోయపల్లెల పిల్లలు. తండ్రులు అడవిలోనో, పోడు చేనిలోనో నుందురు. పిల్లలందఱు ఒక్కచోట దొరకుట సూది వేయువారికి మిక్కిలి సుకరము. 2010 మార్చిలో సమ అను స్త్రీల ఆరోగ్యసంస్థవారు భద్రాచలము ప్రాంతమునకు వచ్చి ఆ పిల్లలతోడను తల్లిదండ్రులతోడను మాటలాడిరి. ఏ సూది, ఎందుకు, దానివలన రాదగిన ఇబ్బంది యేమి అను సంగతులు పెక్కు ఇండ్లలో తెలియవని వారు వెల్లడించిరి. అదియొక ప్రయోగాత్మక కార్యక్రమమని గాక, ప్రతి యేడు వేయు సర్కారు టీకాలలో ఇదియు నొకటియని జనులు తలచిరి. తలపకేమి చేయుదురు? కాగితములమీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను చిహ్నము ముద్రించియుండెను.

పిమ్మట కేంద్రప్రభుత్వము నియమించిన విచారణ సంఘమువారు అంగీకార పత్రములను తిరుగవేసి చూచిరి. ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రములమీద వసతిగృహముల వార్డెనులు చేసిన సంతకములు. అనగా నూటికి ఇరువదితొమ్మిదింటిమీద తల్లియు లేదు, తండ్రియు లేడు. వార్డెనులట్లు సంతకము చేయవచ్చునని పైనుండి అనుమతి వచ్చినదనియు విచారణలో తేలెను.

ఇక్కడ నేనొక మాట దాచక చెప్పవలసియున్నది. వార్డెనులను తిట్టుట సులభము. నేనును కొన్నాళ్లు ఒక వసతిగృహమున ఆ పని చూచినవాడనే, ఊరిపేరు చెప్పను. ఒకనాడు ఎవరో వచ్చి పిల్లల రక్తము పరీక్షింపవలెననిరి. కాగితముల కట్ట నా ముందుంచిరి. పైవారి ఉత్తరువున్నదనిరి. అన్నము వండించుట, పడకలు చూచుట, జ్వరము వచ్చినవానిని ఆసుపత్రికి పంపుట అను తొందరలో నేను ఆ కాగితమును పూర్తిగ చదువకయే వరుసగ సంతకములు చేసితిని. పదునైదు దినములకు ఒక కోయ తండ్రి ఎండలో నడచివచ్చి వాకిట నిలిచి, "మా పిలగాని నెత్తురెందుకు తీసిండ్రు పంతులు? నన్నొక్క మాటడగొద్దా?" అనెను. కోపముతో అనలేదు. పశువును తోలుకొనిపోయినవానినైనను ఎందుకని అడుగుదుము గదా, అట్లు అడిగెను. ఆ రక్తము ఏ పనికి తీసిరో నాకే తెలియదు. ఏమని చెప్పుదును? మజ్జిగ యిచ్చి పంపితిని. బిడ్డకు అన్నము పెట్టు అధికారము వార్డెనుకు కలదు. బిడ్డ దేహమును గూర్చి ఒడంబడు అధికారము లేదు. ఈ భేదము నాకా తండ్రి నేర్పినది. ఏ శాస్త్రగ్రంథమును నేర్పలేదు.

ఒడంబడిక యను ఈ మాట వైద్యములో ఎప్పుడు పుట్టినదో కొంచెము వెనుకకు పోయి చూతము. 1897వ సంవత్సరము ఆగస్టు నెలలో సికింద్రాబాదునందు రొనాల్డు రాసు అను సైనిక వైద్యుడు మలేరియా దోమవలన వచ్చునా యని శోధించుచుండెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమలచేత కుట్టించుకొనుటకు ఒప్పుకొనెను. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా కూలి. ఆ దోమలలో నొకదాని కడుపులోనే ఆగస్టు 20న రాసు మలేరియా క్రిమి జాడ కనుగొనెను. 1902లో నోబెలు బహుమానము పొందెను. హుసేన్ ఖానునకు ఆ ప్రయోగమెంతవఱకు బోధపడినదో యెవరెఱుగుదురు? పేదవానికి అణా అన్న నాడు చిన్నది కాదు. అదే యేడు జనవరిలో బొంబాయియందు హాఫ్కిన్ అను పండితుడు తాను చేసిన ప్లేగు టీకాను మొదట తన దేహమునకే పొడిపించుకొనెను. ఒకే దేశము, ఒకే సంవత్సరము. ఒకరు కూలియిచ్చి కుట్టించిరి, ఒకరు తామే కుట్టించుకొనిరి. నియమము మాత్రము ఇద్దఱికిని లేదు. ఎవరి మనస్సు ఎట్లున్న అట్లు.

నియమము వచ్చుటకు ఘోరము జరుగవలసివచ్చెను. జర్మనీలో నాజీ వైద్యులు చెఱసాలలలోని మనుష్యులపై చేసిన క్రూర ప్రయోగములకై న్యూరెంబర్గునందు విచారణ జరిగి, 1947లో తీర్పుతోపాటు పది సూత్రములు వెలువడెను. ప్రయోగమునకు లోనగు మనుష్యుడు తెలిసి, బలవంతము లేక, తనకు తానై ఒప్పుకొనవలెననునది వానిలో మొదటిది. 1964లో ప్రపంచ వైద్యసంఘమువారు హెల్సింకి నగరమున దీనిని విస్తరించిరి. నాజీల మాట అటుండనిండు. అమెరికాలోనే టస్కెగీ యను చోట సవాయిరోగము గల నల్లజాతి పేదలకు మందు దొరకుచుండగా నీయక, రోగమెట్లు ముదురునో చూచుటకై 1932 మొదలు 1972 వఱకు నలువదియేండ్లు కనిపెట్టుచుండిరి. చదువు, ధనము, సభ్యత యున్న దేశమునను పేదవాని దేహము ఇట్లే అగ్గువ.

మన దేశమున భారత వైద్య పరిశోధన మండలివారు 1980లో మొదటిసారిగ నీతినియమములను ప్రకటించిరి; 2000లోను, 2006లోను వానిని పెంచిరి. చూచితిరా? ఖమ్మములో సూది వేయునాటికి నియమములు లేకపోలేదు. ఆ నియమములు వ్రాసిన మండలియే ఆ కార్యక్రమమున భాగస్వామి. పార్లమెంటువారికి మిక్కిలి బాధ కలిగించినది ఇదియే.

2010 ఏప్రిల్ నెలలో కేంద్రప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేసెను. అప్పటికి టీకా వేయించుకొన్న బాలికలలో ఏడుగురు, మనవైపు అయిదుగురు, గుజరాతున ఇద్దఱు, మరణించియుండిరి. మా వీథి అత్తగారు చెప్పునది ఆ పిల్లలనుగూర్చియే. విచారించిన నిపుణులు, విషము త్రాగుట, నీట మునుగుట, జ్వరము, పాముకాటు మున్నగు కారణములు చెప్పి, టీకాయే కారణమనుటకు ఆధారము కానరాలేదనిరి. నేను దానిని కాదనను. కాని శ్రోతలారా, అడిగి, చెప్పి, వ్రాసికొని వేసిన సూదియైనచో ఆ మాటను ఊరు నమ్మియుండును. అడుగక వేసిన సూదికి ఎంతమంది పండితులు సాక్ష్యమిచ్చినను జనులు తల పంకింతురు. మరణములను వెంటనే నమోదుచేసి విచారించుటలో లోపములుండెననియు, బాలికలకు బీమా లేదనియు, కేవలము చూచుటకు చేసిన అధ్యయనమని పేరుపెట్టి కట్టుదిట్టములను తప్పించుకొనిరనియు పార్లమెంటు స్థాయీసంఘమువారు 2013 ఆగస్టు 30న సమర్పించిన 72వ నివేదికలో గట్టిగా మందలించిరి. ఆ నివేదికను న్యాయస్థానము చూడవచ్చునా కూడదా యను వాదము అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వఱకు పోయెను. చూడవచ్చునని 2018 మే నెలలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను.

ఈ నడుమనే 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద స్త్రీలను డబ్బాశ చూపి హైదరాబాదునకు కొనిపోయి మందులు మ్రింగించిరన్న గోల పుట్టెను. ఇట్టివన్నియు కలిసి నియమములను బిగించినవి. ప్రయోగమున హాని కలిగిన పరిహారమీయవలెనని 2013లో శాసనమయ్యెను. 2019లో వచ్చిన కొత్త మందుల పరీక్షా నియమములు నేడు అమలులో నున్నవి. వానిలో ఒక్క అంశము మీవంటి పెద్దలు ప్రత్యేకముగ గమనింపదగినది. చదువురానివారిని అడుగునప్పుడు, అడుగుట మొదలు వేలిముద్ర వేయువఱకు, ఏ పక్షమునకును చేరని సాక్షి యొకడు ప్రక్కన నుండి తానును సంతకము చేయవలెను. పల్లెలో అట్టి సాక్షికై వెదకినచో మీ యరుగుమీదికే వత్తురు. ముద్ర వేసిన పిమ్మట వచ్చి సంతకము చేయుమన్నచో అది సాక్ష్యము కాదు. తల్లిదండ్రులు ఒప్పుకొన్నను, ఊహ తెలిసిన బిడ్డను గూడ అడుగవలెనని నియమమున్నది.

ఇక ఈ కథలో ఒక విచిత్రమున్నది. ఖమ్మములో కార్యక్రమము నడచిన 2009లోనే అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు మన దేశమున తొమ్మిదిచోట్ల వేఱొక పరిశోధన ఆరంభించిరి. మూడు మోతాదులు వలయునా, రెండు చాలునా యని చూచుట వారి పని. ఖమ్మపు గొడవతో కేంద్రము ఈ టీకా ప్రయోగములన్నింటిని ఆపగా, అయిదువేలకు కొంచెము తక్కువమంది బాలికలు ఒక్క మోతాదుతోనే నిలిచిపోయిరి. పరిశోధకులు వారిని విడువక పదియేండ్లు కనిపెట్టిరి. 2021లో ఫలితము వెలువడెను: ముఖ్యమైన రెండు క్రిమిజాతులు దేహమున పాతుకొనకుండ ఒక్క మోతాదే నూటికి 95 వంతుల రక్ష యిచ్చినది, మూడు మోతాదులకు తీసిపోలేదు. ఇతర దేశముల పరిశోధనలతోపాటు ఇదియు ఆధారమై, 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఒక్క మోతాదు చాలునని అంగీకరించిరి. అదే యేడు మన దేశమున తయారైన టీకాకును అనుమతి లభించెను. మన మన్యపు పిల్లలకు జరిగిన అన్యాయము ఈ ఫలితముచేత న్యాయమైపోదు. అయినను ఈ ఫలితము అబద్ధమును కాదు. రెండును నిజములే.

ఆ దినమున ఆ యిల్లాలికి ఇంతయు చెప్పితిని. మందు మంచిదని లోకమంతయు పరీక్షించి చూచినదనియు, వైద్యురాలిని దాని పేరు, మోతాదు, చేయి వాచినను జ్వరము వచ్చినను ఎవరికి చెప్పవలెనో అన్నియు అడుగుమనియు చెప్పితిని. ఆ పాప వైపు తిరిగి, "నీవేమందువమ్మా?" అంటిని. "నొప్పి ఎక్కువుంటదా తాతా?" అనెను. అదియు వైద్యురాలినే అడుగుమంటిని.

మఱునాటి సాయంకాలము అత్తగారే వచ్చినది. అరుగుమీద కూర్చుండి కథ మొదటినుండి మరల చెప్పించుకొన్నది. విని విని, "అయితే సూది మంచిదే. ఆ వార్డెనుల సంతకాలతోని వేసిండ్రు జూడు, వాళ్లకేం శిక్ష పడ్డది పంతులుగారూ?" అని అడిగెను. నివేదికలను గూర్చి చెప్పితిని, మందలింపులను గూర్చి చెప్పితిని, కోర్టు మాటయు చెప్పితిని. ఆమె అడిగినది అది కాదు. కొంతసేపు కూర్చుండి, చీకటి పడుచున్నదని లేచి పోయినది.

మరుసటి వారము పాపకు సూది వేయించిరి. కొత్తగూడెము పోయినవారిలో నాయనమ్మయు నుండెను.