కోపం ఓటు, షరతు ఓటు: చికాగో 1983

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మన వాడల్లో ఒక మాట వినబడుతుంది: "ఉన్నోడు మంచోడు కాదు, నిజమే. కొత్తోడు గెలుస్తాడా? ఓటు చీలిపోతే ఇంకా చెడ్డోడు రాడా?" ఈ ప్రశ్నను చికాగో నల్లవాళ్ళు 1983లో ఎదుర్కొన్నారు. వాళ్ళ అనుభవం మనకు పనికొస్తుందని మేము అనుకుంటున్నాం.

అమెరికాలో పార్టీ అభ్యర్థిని నాయకులు గాక ఓటర్లే ఎన్నుకునే తొలి ఎన్నికను ప్రైమరీ అంటారు. 1931 నుంచీ చికాగో మేయర్ పదవి డెమోక్రాట్లదే. అందుకని ఆ రోజుల్లో అక్కడ ప్రైమరీ గెలిస్తే నగరం గెలిచినట్టే ఉండేది.

1979 జనవరిలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. నల్లవాళ్ళ పేటల స్టేషన్లలో రైళ్ళు ఆపకుండా పోనిచ్చారు. ఆ కోపంతో వాళ్ళు ప్రైమరీలో మేయర్ బిలాండిక్‌ను ఓడించి, పోటీకి దిగిన జేన్ బర్న్‌ను గెలిపించారు. అయితే ఆమెతో ముందుగా ఏ ఒప్పందమూ చేసుకోలేదు. గెలిచాక ఆమె పాత ముఠాతోనే రాజీపడింది. నల్లవాళ్ళు ఎక్కువగా బతికే ప్రభుత్వ ఇళ్ళను నడిపే బోర్డులో నల్ల సభ్యులను తీసేసి తెల్లవాళ్ళను వేసింది. నిన్నటి పోటీదారే ఇవాళ్టి పాలకురాలైంది.

ఇక్కడే అసలు పాఠం ఉంది. ఉన్నోడిని దించడం ఒక్కటే రాజకీయం కాదు. కోపంతో వేసిన ఓటుకు మర్నాడు లెక్క అడిగే హక్కు మిగలదు.

1982లో లూ పామర్ వంటి పాత్రికేయులు, పేటల సంఘాల వాళ్ళు హెరాల్డ్ వాషింగ్టన్‌ను నిలబడమన్నారు. అప్పటికి ఆయన కాంగ్రెస్ సభ్యుడు. 1977లో ఇదే పదవికి ప్రైమరీలో పోటీచేసి ఓడినవాడు. వట్టి అభిమానానికి ఆయన లొంగలేదు. ముందు 50,000 మంది కొత్త ఓటర్లను నమోదు చేయండి, ఖర్చులకు డబ్బు కూడగట్టండి, ఆ తర్వాతే మాట్లాడదాం అన్నాడు. జనం వెల్ఫేర్ ఆఫీసుల ముందు, చర్చీల్లో పనిచేసి లక్షకు పైగా పేర్లు ఎక్కించారు. నాయకుడు జనానికి షరతు పెట్టాడు. అది నెరవేర్చిన జనానికి ఆయన్ను అడిగే హక్కు వచ్చింది.

ఉదారవాద మిత్రులు ఏం చేశారు? ఎడ్వర్డ్ కెన్నెడీ బర్న్‌ను బలపరిచాడు. వాల్టర్ మాండేల్ మూడో అభ్యర్థి రిచర్డ్ డేలీని బలపరిచాడు. 1983 ఫిబ్రవరి 22న తెల్లవాళ్ళ ఓటు ఆ ఇద్దరి మధ్య చీలింది. వాషింగ్టన్‌కు సుమారు 36 శాతం, బర్న్‌కు 34, డేలీకి 30 శాతం వచ్చాయి. ఓటు చీలుతుందని ఎప్పుడూ మనల్నే భయపెడతారు. అగ్రవర్ణాల ఓటు కూడా చీలుతుందని ఎవరూ చెప్పరు.

గెలుపు అక్కడితో పూర్తి కాలేదు. ఏప్రిల్‌లో ఎందరో తెల్ల డెమోక్రాట్లు సొంత పార్టీని వదిలి రిపబ్లికన్ ఎప్టన్‌కు ఓటేశారు. వాషింగ్టన్ 52 శాతం లోపు ఓట్లతో గట్టెక్కాడు. లాటినోలు, కొందరు తెల్లవాళ్ళు తోడు రాకపోతే ఆ గెలుపు లేదు. 50 మంది సభ్యుల నగర సభలో 29 మంది ఆయనకు అడ్డం పడ్డారు. 1986లో వార్డుల తిరగ విభజన తర్వాత జరిగిన ఎన్నికలతో గానీ ఆ అడ్డు తొలగలేదు. 1987లో మళ్ళీ గెలిచి, ఆ నవంబరులోనే ఆయన చనిపోయాడు.

ప్రైమరీ దళిత చరిత్రకు కొత్త కాదు. 1932 సెప్టెంబరు 24న జరిగిన పూనా ఒప్పందం రాష్ట్ర శాసనసభల్లో 148 రిజర్వుడు సీట్లు ఇచ్చింది. అందులో మద్రాసు రాష్ట్రానివి 30. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. ముందు అణగారిన వర్గాల ఓటర్లు నలుగురిని ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకుంటారు. మనం మొదట నిలబెట్టినవాడిని ఓడించి నాలుగోవాడిని గెలిపించే వీలు ఇందులో ఉంది. 1946లో అంబేడ్కర్ కేబినెట్ మిషన్ ముందు చెప్పుకున్న గోడు ఇదే. ఆ తర్వాత రాజ్యాంగం సీట్లు ఉంచింది, ప్రైమరీని ఉంచలేదు.

ఇవాళ మనకున్నది బీ ఫారం. దాన్ని ఇచ్చేది ఓటర్లు కాదు, పార్టీ పెద్దలు. కాబట్టి ఉన్నోడా, కొత్తోడా అనే ప్రశ్న మన దగ్గరికి వచ్చేసరికే సగం తేలిపోయి ఉంటుంది. మిగిలిన సగమైనా మన చేతిలో ఉండాలంటే ఓటర్ల జాబితా, వాడ సంఘం, రాసుకున్న షరతులు ఎన్నికలకు ముందే సిద్ధంగా ఉండాలి. అవి లేకుండా ఎవర్ని మార్చినా మనం మళ్ళీ 1979లోనే ఉంటాం.