ఐదో చెరువు

2024 మే 4, శనివారం పొద్దున్న. న్యూజెర్సీలో ఎడిసన్‌కు అరగంట దూరాన ఓ ఇంటి పెరట్లో మామా అల్లుళ్లు ఒక పెద్ద నల్ల కవరును చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. శీతకాలమంతా దాని మీద రాలిన ఆకులు కుళ్లి పేడలా తయారయ్యాయి. కవరు సగం తొలిగేసరికి గుప్పున వాసన కొట్టింది. అల్లుడు మొహం తిప్పుకున్నాడు. మామగారు గట్టు మీద గొంతుక్కూర్చుని దోసెడు నీళ్లు తీసి, ఎండకు పెట్టి చూశారు. చిక్కటి ఆకుపచ్చ.

"రంగు భలే కట్టిందండీ అల్లుడుగారూ!" అన్నారు మెచ్చుకోలుగా.

ఆయనది భీమవరం పక్క పల్లె. టైగర్ రొయ్య రోజుల నుంచి వనామి దాకా నాలుగు చెరువుల మీదే బతికిన మనిషి. రొయ్యల రైతుకు పచ్చటి నీళ్లంటే కళ్లకద్దుకునేంత ప్రీతి. తవుడూ బెల్లం పులియబెట్టి పోసేది ఆ రంగు కోసమే. నలుపూ తెలుపూ రంగులేసిన పళ్లేన్ని తాడుకు కట్టి దించితే జానా జానెడున్నరలో కనుమరుగు కావాలి. అలా అయితే ప్లాంక్టన్ సరిగ్గా ఉన్నట్టు. అలాంటాయన్ని పట్టుకుని, ఈ పచ్చదనాన్ని చంపిపెట్టమంటున్నాడు అల్లుడు.

(ఈ కథ ఆ ఇంటివాళ్లు చెప్పిందే. పేర్లు వద్దన్నారు. మాటలు వాళ్లకు గుర్తున్నంత మేరకు కూర్చాను.)

అల్లుడి కంగారు వేరు. ఇల్లు కొన్నది కిందటి అక్టోబరులో. అప్పటికే పూల్‌కు కవరేసి ఉంది. అందులో నీళ్లు ఏ రంగులో ఉంటాయో ఇంటాయన ఎన్నడూ చూడలేదు. మే 27న మెమోరియల్ డే. దానికి ముందు శనివారం పాప పుట్టినరోజు. క్లాసు పిల్లల్ని అప్పటికే పిలిచేశారు.

మొదటి గండం పంపు. స్విచ్చి వేస్తే మోటారు రొద పెడుతోంది గానీ నీళ్లు లాగడం లేదు. పంపు మీది గాజు మూతలోంచి చూస్తే అంతా బుడగలే. మెకానిక్ కోసం ఫోన్ చేస్తే రెండు వారాల దాకా ఖాళీ లేదన్నాడు. వసంతం రాగానే అక్కడ అందరికీ ఒకేసారి పని పడుతుంది మరి.

"గాలి పీలుస్తోందండీ," అన్నారు మామగారు. కాలవ గట్టు మీద ఫుట్‌వాల్వ్ కారే ఇంజన్లకు పేడనీళ్లు పోసి ఎక్కించిన చెయ్యి అది. ముందు నీటిమట్టం చూశారు. చలికాలానికి ముందు తగ్గించి వదిలేసిన నీళ్లు స్కిమ్మర్ మూతికి జానెడు కింద ఉన్నాయి. తోట గొట్టం పెట్టి స్కిమ్మర్ సగం మునిగేదాకా నింపారు. స్కిమ్మర్ అడుగున చెయ్యి పెట్టి తడిమితే, పైపులో నీళ్లు గడ్డకట్టి పగలకుండా బిగించిన రబ్బరు బిరడా అలాగే ఉంది. అల్లుడు సిగ్గుపడ్డాడు. తర్వాత మూత కింద రబ్బరు వాచరు. చలికి ఎండి నెర్రెలిచ్చింది. కొత్తది తెచ్చి, వాజలీను కాకుండా సిలికాన్ గ్రీజు రాసి బిగించి, గిన్నెలో నీళ్లు నింపి స్విచ్చి వేశారు. ఒక్క నిమిషం గుడగుడమని, ధార పట్టింది.

రెండో గండం ఇంకా పెద్దదయ్యేది. షాపువాడు క్లోరిన్ బిళ్లల బకెట్టొకటి, క్లోరిన్ గుండ బస్తా ఒకటి అంటగట్టాడు. అల్లుడు బిళ్లల పొడి అంటిన చెంచానే బస్తాలో పెట్టబోయాడు. మామగారు మణికట్టు పట్టుకున్నారు.

"బ్లీచింగ్ బస్తాలో ఇంకో మందు తగిలిన చెంచా పెట్టకూడదని మా చెరువుమీది కుర్రాడికి కూడా తెలుసండీ."

ఆయన అన్నది నిజం. బిళ్లల్లో ఉండేది ట్రైక్లోర్, గుండలో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్. రెండూ క్లోరిన్ మందులే అయినా ఒకదానికొకటి తగిలితే, అందులోనూ చెమ్మ చేరితే, నిప్పంటుకుంటుంది, పేలనూ వచ్చు. ఎవరి చెంచా వారిదే.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. రోజూ సాయంత్రం క్లోరిన్ పొయ్యడం, పొద్దున్నే పరీక్ష గొట్టం చూడడం. రోజూ సున్నా. ఆదివారం సున్నా, సోమవారం సున్నా, బుధవారం సున్నా. నీళ్లు అదే పచ్చ. షాపువాడు పాచి మందు అమ్మాడు, ఫాస్ఫేట్ మందు అమ్మాడు, తేటపరిచే మందూ అమ్మాడు. వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యమని సలహా ఇచ్చాడు. 2016లో రియో ఒలింపిక్స్‌లో ఆ పనే చేశారు. 80 లీటర్ల పెరాక్సైడ్ పోస్తే అది ఉన్న క్లోరిన్‌ను కాస్తా విరిచేసింది. ప్రపంచమంతా చూస్తుండగా డైవింగ్ కొలను రాత్రికి రాత్రి పచ్చబడింది. వేల కోట్లు ఖర్చుపెట్టిన ఒలింపిక్సుకే ఆ గతి పడితే మన పెరటి పూల్ ఎంత?

శుక్రవారానికి అల్లుడు విసిగిపోయాడు. "మావయ్యగారూ, మొత్తం తోడేసి ట్యాంకర్లు తెప్పిస్తాను."

"ఆ పని మాత్రం చెయ్యకండి. వానలు పడ్డ నేల ఇది. మా డెల్టాలో ఖాళీ సంపు ఊటనీటికి లేచి పైకొచ్చేస్తుంది. ఇదీ అంతే. లోపలి నీళ్ల బరువే దీన్ని నేలలో పట్టి ఉంచింది."

ఆయన దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంది. ఊళ్లో నాలుగు చెరువుల లెక్కలూ అందులోనే. వచ్చిన మర్నాడే కొత్త పేజీ తీసి '5వ చెరువు' అని రాసుకున్నారు. తేదీ, పీహెచ్, క్లోరిన్, నీటి రంగు. చివరన పట్టుబడి అనే గడి ఖాళీగా ఉంది. ఆ రాత్రి సున్నాల వరస చూస్తూ అడిగారు: "మనం పొద్దున్నే ఎందుకు చూడాలండీ? పోసిన అరగంటకు చూస్తే?"

చూశారు. ఎండ లేదు, చీకటి. అరగంటకే ఖాళీ.

"ఎండ తినలేదు. పాచి అయితే ఇంత ఆబగా తినదు. ఇది అమ్మోనియా పని."

అల్లుడికి అప్పుడొక కాగితం గుర్తొచ్చింది. పాత యజమాని వదిలి వెళ్లిన శరదృతువు నాటి నీటి పరీక్ష చీటీ. అందులో స్టెబిలైజర్ 70. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా గొడుగులా పనిచేసే సైనూరిక్ ఆమ్లమే ఈ స్టెబిలైజర్. ఇప్పుడు పరీక్షిస్తే పది కూడా లేదు. ఏమైపోయింది? కవరు కింద చీకట్లో, ఒక రకం బ్యాక్టీరియా దాన్ని కొరుక్కు తిని అమ్మోనియాగా మార్చింది. వసంతంలో పూల్ తెరిచేవాళ్లను కొన్నిసార్లు ఇలాగే ముప్పుతిప్పలు పెడుతుంది. మేత మిగిలిపోయిన చెరువులో అమ్మోనియా వాసన ఎరిగిన మనిషి ఒకరు, చీటీ దాచిన మనిషి ఒకరు. ఇద్దరూ కలిస్తే గానీ దొంగ దొరకలేదు.

అక్వేరియం షాపులో అమ్మోనియా కిట్టు కొన్నారు. 3 పీపీఎం. "మా దగ్గరైతే జియోలైట్ చల్లేవాణ్ణి," అన్నారాయన. ఇక్కడ చేపా లేదు, రొయ్యా లేదు. క్లోరిన్‌తోనే కాల్చెయ్యొచ్చు. అమ్మోనియాకు పదింతల క్లోరిన్ కావాలి, అదీ ఆగకుండా పొయ్యాలి. ఇన్నాళ్లూ వీళ్లు చేసింది కొసరి కొసరి వడ్డించడం. పోసిందంతా అమ్మోనియా నోట్లోకే పోయింది. ఆ పూల్‌లో 20,000 గ్యాలన్లు, అంటే సుమారు 76 వేల లీటర్ల నీళ్లు. పది శాతం ద్రవ క్లోరిన్ ఒక గ్యాలన్ డబ్బా పోస్తే 5 పీపీఎం పెరుగుతుంది. నాలుగడుగుల నీళ్లున్న ఎకరం చెరువులో దాదాపు 49 లక్షల లీటర్లుంటాయి. మామగారి దృష్టిలో ఇది చెంబుడు.

మే 12 ఆదివారం, పొద్దు గుంకాక మొదలుపెట్టారు. రెండు డబ్బాలు. పావుగంట ఆగి పరీక్ష. సున్నా. ఇంకో రెండు. సున్నా. మూడో విడతకు గొట్టంలో లేత గులాబీ రంగు మెరిసి మాయమైంది. ఎనిమిది డబ్బాలయ్యాక గులాబీ రంగు తేలి, అలాగే నిలబడింది. తొమ్మిదిన్నరకు మళ్లీ చూశారు. చెక్కుచెదరలేదు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆంధ్రాలో సోమవారం ఉదయం ఏడు గంటలు, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పోలింగ్ మొదలు. తమ్ముడు వరసలో నిలబడి చేస్తున్నాడు. "అన్నయ్యా, ఓటుకు నువ్వు లేకపోతివి."

"ఇక్కడ గెలిచాంలేరా," అన్నారట ఈయన.

తర్వాతి రోజులు చాకిరీ రోజులు. పచ్చ చచ్చి పాలనీళ్లయింది. ఇసుక ఫిల్టరు రాత్రింబవళ్లు తిరిగింది. గేజిలో ముల్లు మామూలు కంటే ఎనిమిది పది పైకెక్కినప్పుడల్లా నీళ్లు వెనక్కి కొట్టి కడిగారు. అడుగు మడ్డిని ఫిల్టరుకు పంపకుండా నేరుగా బయటికి తోడారు. పాత మేజోడులో రెండు కేజీల పైచిలుకు స్టెబిలైజర్ నింపి నీటి ధారకు ఎదురుగా వేలాడదీశారు.

పాలరంగు రోజుల్లోనే పాప ఈత బట్టలేసుకుని వచ్చేసింది. తల్లి తలుపు దగ్గరే ఆపింది. "అడుగు కనపడేదాకా ఎవరూ దిగడానికి వీల్లేదు." 2011 జూన్‌లో మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో ఒక ప్రభుత్వ ఈతకొలనులో ఓ మహిళ మునిగిపోయింది. మసక నీళ్లలో ఆమె అడుగున ఉందని రెండు రోజుల పాటు ఎవరికీ తెలియలేదు. ఆ రెండు రోజులూ జనం అందులో ఈదుతూనే ఉన్నారు. తనిఖీ అధికారులు కూడా వచ్చి వెళ్లారు.

మే 23 సాయంత్రం మామగారు జేబులోంచి రూపాయి బిళ్ల తీసి లోతువైపు విసిరారు. ఎనిమిదడుగుల కింద మూడు సింహాలు కనపడుతున్నాయి.

"ఏంటి నాన్నా, అలా చూస్తున్నావ్?" అంది కూతురు.

"ఇంత తేట నీళ్లలో మేతేముంటుందే, ఏ ప్రాణి బతుకుతుంది?"

శనివారం పెరడంతా కేరింతలు. సందడి సద్దుమణిగాక ఆయన లుంగీ మోకాళ్ల దాకా మడిచి, గట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. పుస్తకం తెరిచి ఐదో చెరువు పేజీలో చివరి గడి నింపారు. పట్టుబడి: పిల్లలు 11, పెద్దలు 6.