నాలుగడుగుల పదకొండు అంగుళాల అమెరికా చరిత్ర

మా ఎడ్లపాడులో అమెరికా అంటే ఒక వరుస ఉంది. ఇంజనీరింగు, జీఆర్‌ఈ, ఎం.ఎస్., హెచ్-1బీ, ఆపైన గ్రీన్‌కార్డు. హైవే పక్కన టీ బంకు దగ్గర ఎవరినడిగినా ఈ ఐదూ గడగడా అప్పజెబుతారు. ఆ దేశం మనల్ని ఎప్పటినుంచి రానిస్తోంది, అంతకుముందు ఎందుకు రానివ్వలేదు అని మాత్రం ఎవరూ అడగరు. అమెరికా వచ్చి పదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నవాళ్ళలోనూ చాలామందికి ఆ సంగతి తెలియదు. దాన్ని చెప్పడానికి అధ్యక్షుల జాబితా కంటే ఒక గాయని జీవితం బాగా పనికొస్తుందని నా నమ్మకం.

ఆమె పేరు షుగర్ పై డిశాంటో. నాలుగడుగుల పదకొండు అంగుళాల మనిషి. తండ్రిది ఫిలిప్పీన్స్, ఓడల్లో పనిచేసేవాడు. తల్లి నల్లజాతి మహిళ, పియానో వాయించేది. ఆమె 1935లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. నేను ఉంటున్న శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో పెరిగారు. 2024 డిసెంబరు 20న ఇక్కడికి దగ్గర్లోని ఓక్లండ్‌లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఇంట్లో పెట్టిన పేరు పీలియా బాలింటన్. సోల్, రిథమ్ అండ్ బ్లూస్ పాటల్లో ఆమెది గట్టి గొంతు. మనవాళ్ళలో ఆమె పేరు విన్నవాళ్ళు చాలా తక్కువ. కానీ ఆమె తండ్రిని అమెరికాలోకి రానిచ్చిన చట్టం పక్కనే మనల్ని గుమ్మం బయట నిలబెట్టిన చట్టం కూడా ఉంది.

1898లో స్పెయిన్‌తో యుద్ధం గెలిచిన అమెరికా రెండు కోట్ల డాలర్లిచ్చి ఫిలిప్పీన్స్ దీవులను తన చేతిలోకి తీసుకుంది. దాంతో అక్కడి ప్రజలు అమెరికా జెండా కిందికి వచ్చారు. వాళ్ళకు పౌరసత్వం ఇవ్వలేదు, అలాగని పరాయివాళ్ళుగానూ లెక్కగట్టలేదు. ఓడెక్కి రావడానికి వీసా అక్కర్లేదు. వచ్చాక ఓటు హక్కు మాత్రం ఉండదు. మన సంగతి అంతకంటే కష్టం. 1917 చట్టం ఆసియా పటం మీద ఒక పెద్ద గీత గీసి, లోపలున్న దేశాలవాళ్ళు కూలికీ కాపురానికీ రాకూడదంది. ఆ గీతలో ఇండియా ఉంది. తమ ఏలుబడిలో ఉంది కాబట్టి ఫిలిప్పీన్స్‌ను వదిలేశారు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారు, అందువల్ల పౌరసత్వానికి అర్హులు కారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అదే ఏడాది అక్టోబరులో బోస్టన్ రేవులో దిగారు. చదువుకోసం వచ్చేవాళ్ళకు చట్టంలో చిన్న సందు ఉంది కాబట్టి హార్వర్డ్ దాకా రాగలిగారు. మందుల పరిశోధనలో ఆయన చేసిన మేలు ప్రపంచమంతా అనుభవించింది. అయినా 1948 ఆగస్టులో చనిపోయేదాకా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. ఆ రోజుల్లో ఈ దేశపు కొలబద్ద మనిషి తెలివితేటలను కొలిచేది కాదు.

లోపలికి రానిచ్చినంత మాత్రాన ఫిలిప్పీన్స్‌వాళ్ళను ఆదరించారని అనుకోవద్దు. కాలిఫోర్నియా పొలాల్లో ఆస్పరాగస్ కోతకూ లెట్యూస్ కోతకూ వాళ్ళు కావాలి. ఊళ్ళో తెల్లవాళ్ళ పక్కన నిలబడి నాట్యం చేస్తే మాత్రం గొడవే. 1930 జనవరిలో వాట్సన్‌విల్‌లో తెల్లజాతి మూకలు రోజుల తరబడి వాళ్ళమీద దాడులు చేశాయి. ఫెర్మిన్ తోబెరా అనే 22 ఏళ్ళ కూలీ తుపాకీ గుండుకు బలైపోయాడు. 1934లో ఫిలిప్పీన్స్‌కు పదేళ్ళలో స్వాతంత్ర్యం ఇస్తామంటూ చేసిన చట్టంలోనే, ఇకపై ఏడాదికి 50 మందే రావాలని మెలిక పెట్టారు. స్వాతంత్ర్యం పేరు చెప్పి తలుపు మూయడమన్నమాట.

పెళ్ళిళ్ళ మీద కూడా చట్టం ఉండేది. కాలిఫోర్నియాలో ఫిలిప్పీన్స్‌వాళ్ళు తెల్లవాళ్ళను చేసుకోకూడదని 1933లో ప్రత్యేకంగా రాశారు. నల్లవాళ్ళను చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కాపలా అంతా తెల్ల రక్తానికే. ఇదే కాలంలో ఇంపీరియల్ వ్యాలీలో పొలాలు చేసిన పంజాబీ రైతులు మెక్సికన్ స్త్రీలను చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఈ పెళ్ళి నిషేధాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1948లో కొట్టేసింది. దేశం మొత్తం మీద పోవడానికి 1967 దాకా ఆగాల్సివచ్చింది.

బాలింటన్ కుటుంబం పీలియా పసితనంలోనే శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చి ఫిల్మోర్ పేటలో దిగింది. ఆ పేటలో అప్పటికి జపాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. 1942లో యుద్ధం పేరుతో వాళ్ళందరినీ ప్రభుత్వం ఖాళీ చేయించి శిబిరాలకు తోలింది. ఖాళీ అయిన ఇళ్ళలోకి ఓడల కర్మాగారాల్లో పనికోసం దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు చేరాయి. వాళ్ళ వెంట వాళ్ళ పాట కూడా వచ్చింది. కొద్ది సంవత్సరాల్లో ఫిల్మోర్ వీధి జాజ్ క్లబ్బులతో నిండి, పడమటి హార్లెమ్ అని పేరు తెచ్చుకుంది. పీలియా చెల్లెలూ, తర్వాత రోజుల్లో ఎట్టా జేమ్స్‌గా పేరు మోగిన అమ్మాయీ కలిసి పాడుకున్న గుంపు ఆ వీధుల్లోదే.

పీలియాను పాటల పోటీలో చూసి వెంటబెట్టుకుపోయినవాడు జానీ ఓటిస్. గ్రీసు నుంచి వలసవచ్చిన తల్లిదండ్రుల కొడుకు. పుట్టుకతో తెల్లవాడైనా నల్లజాతి పేటలో పెరిగి, నల్లజాతి మనిషిగానే బతికిన బ్యాండు మాస్టరు. ఇంత చిన్న ఆకారాన్ని చూసి ‘లిటిల్ మిస్ షుగర్ పై’ అని పేరు పెట్టింది ఆయనే. 1955లో ఫెడరల్ అనే కంపెనీకి మొదటి రికార్డులు ఇచ్చారు. అవి పెద్దగా ఆడలేదు. 1960లో ఓక్లండ్‌లో బాబ్ గెడిన్స్ చేతి మీదుగా వెల్టోన్ అనే చిన్న లేబుల్ మీద వచ్చిన ‘ఐ వాంట్ టు నో’ మాత్రం బిల్‌బోర్డ్ పత్రిక రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది.

ఈ పట్టిక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1949 దాకా నల్లజాతివాళ్ళ పాటలను ‘రేస్ రికార్డులు’ అని వేరే గంపలో పెట్టి లెక్కించేవాళ్ళు. ఆ ఏడాది పేరు మార్చారు, గంప అలాగే ఉంచారు. అమ్మే దుకాణాలు వేరు, వినిపించే రేడియో స్టేషన్లు వేరు. ఆ పట్టికలో పైకెక్కినా తెల్లవాళ్ళ ఇళ్ళదాకా పాట చేరుతుందన్న హామీ లేదు. ఇక ఫిలిప్పీన్స్ తండ్రి కూతురికంటూ ఏ గంపా లేదు. అందుకే షుగర్ పై రికార్డులన్నీ నల్లజాతి గాయని పాటలుగానే బజారుకెక్కాయి.

ఆ కాలపు రికార్డు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఏడంగుళాల వెడల్పు, నడుమ రూపాయి బిళ్ళ దూరిపోయేంత బెజ్జం, నిమిషానికి 45 చుట్లు. ఒక్కో వైపు ఒక్కో పాట, రెండున్నర మూడు నిమిషాలకు అయిపోతుంది. మధ్యలో గుండ్రటి కాగితం మీద గాయని పేరు పెద్ద అక్షరాల్లో మెరుస్తుంది. పాట పేరు కింద చీమతలకాయంత అక్షరాల్లో రాసినవాళ్ళ పేర్లు, ప్రచురణ కంపెనీ పేరు ఉంటాయి. డబ్బంతా ఆ చీమతలకాయ అక్షరాల దగ్గరుంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకు సొమ్ము వెళుతుంది, పాడినవాళ్ళకు పైసా రాదు. ఇవాళ్టికీ అదే చట్టం. మన సినిమా నేపథ్య గాయకులు పాటకింతని ఒకేసారి పుచ్చుకుని చేతులు దులుపుకున్న కాలం గుర్తున్నవాళ్ళకు ఈ బాధ కొత్తగా ఉండదు.

హిట్టు పడ్డాక ఆమె గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంతో ఊళ్ళు తిరిగారు. తర్వాత షికాగోలోని చెస్ కంపెనీలో చేరారు. ఆ కంపెనీ యజమానులు లెనార్డ్, ఫిల్ చెస్ పోలండ్ నుంచి చిన్నతనంలో వచ్చిన యూదు సోదరులు. వలసవచ్చినవాళ్ళ కంపెనీలో దక్షిణాది నల్లజాతి సంగీతం ముద్రపడి ప్రపంచమంతా తిరిగింది. షుగర్ పై అక్కడ పాడటంతో ఆగక పాటలు కూడా రాశారు. 1964లో టామీ టక్కర్ హైహీల్ బూట్ల మీద పాడిన పాట ఊపేస్తుంటే, దానికి జవాబుగా ‘స్లిప్-ఇన్ మ్యూల్స్’ పాడి నవ్వించారు. అదే ఏడాది ‘సోల్‌ఫుల్ డ్రెస్’ వచ్చింది. 1966లో చిన్ననాటి స్నేహితురాలు ఎట్టా జేమ్స్‌తో కలిసి ‘ఇన్ ది బేస్‌మెంట్’ పాడారు. విని చూడండి, ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ పాడుతున్నట్టే ఉంటుంది.

1964లోనే అమెరికన్ ఫోక్ బ్లూస్ ఫెస్టివల్ బృందంతో యూరప్ వెళ్ళారు. హౌలిన్ వుల్ఫ్, విల్లీ డిక్సన్, సన్నీ బాయ్ విలియమ్సన్ వంటి ఉద్దండుల నడుమ ఈ చిన్న మనిషి పాడుతూ పాడుతూ వేదిక మీద వెనక్కి పల్టీ కొట్టేవారు. మన పల్నాటి జనం చూసి ఉంటే పద్యనాటకాల్లోలాగా ‘వన్స్ మోర్’ అని పందిరి లేపేసేవారు.

ఇప్పుడు మన దారి దగ్గరికి వద్దాం. 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏడాదికి వందమంది భారతీయులు, వందమంది ఫిలిప్పీన్స్‌వాళ్ళు రావచ్చు, ఇక్కడున్నవాళ్ళు పౌరులు కావచ్చు. రెండు దేశాల పేర్లూ ఒకే చట్టంలో పక్కపక్కనే ఉన్నాయి. వంద అంటే ఇవాళ మన మండలం నుంచి వచ్చేవాళ్ళకే చాలదు. ఆ ముడిని విప్పింది నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం. చర్మం రంగుచూసి హోటల్లోంచి గెంటకూడదని 1964లో చట్టం చేశాక, పుట్టిన దేశం చూసి వీసా నిరాకరించడం ఎలా సమర్థించుకుంటారు? 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాతే. ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం తానా తొలి మహాసభ 1977లో జరిగిందంటే, ఆ సభకు కావలసినంతమంది తెలుగువాళ్ళను ఇక్కడికి చేర్చింది ఆ సంతకమే.

ఆ సంతకానికి దాదాపు నెల ముందే, 1965 సెప్టెంబరు 8న, కాలిఫోర్నియాలోని డెలానోలో ఫిలిప్పీన్స్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ద్రాక్షతోటల్లో సమ్మెకు దిగారు. సీజర్ చావెజ్ నడిపిన మెక్సికన్ కూలీలు వారం తర్వాత కలిశారు. ఐదేళ్ళకు యజమానులు దిగివచ్చి ఒప్పందం రాశారు. ఇవాళ తెలుగు కుటుంబాలు కూడా ఉంటున్న యూనియన్ సిటీలో ఒక స్కూలుకు ఇట్లియాంగ్, ఆయన తోటి నాయకుడు ఫిలిప్ వెరా క్రూజ్ పేర్లు పెట్టారు.

చెస్ రోజులు ముగిశాక షుగర్ పై బే ఏరియాకు తిరిగివచ్చారు. ఆమె పెరిగిన ఫిల్మోర్ అప్పటికే కూలిపోతోంది. పట్టణాభివృద్ధి పేరుతో వేల కుటుంబాలను ఖాళీ చేయించారు. క్లబ్బులు మూతబడ్డాయి. గేరీ రోడ్డును వెడల్పు చేసి ఫిల్మోర్ వీధి కిందుగా తవ్వి తీసుకుపోయారు. ఇప్పుడు పైనున్న ఫిల్మోర్ వీధి వంతెన మీద నిలబడితే కింద కార్ల హోరు తప్ప మరేం వినపడదు. మన దగ్గర హైవే వెడల్పు చేసినప్పుడు పోయినవి కొట్లు, చెట్లు. ఇక్కడ ఒక సంగీతం పుట్టిన పేటే పోయింది.

ఆమె పాడటం ఆపలేదు. జేమ్స్ మూర్ నడిపిన జాస్మన్ అనే చిన్న లేబుల్ మీద దశాబ్దాలపాటు రికార్డులిచ్చారు. 2006లో ఓక్లండ్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ తగలబడి భర్త చనిపోయారు. ఆ తర్వాత కూడా వేదికెక్కారు. పాత గాయకులకు రాయల్టీలు ఎగ్గొట్టారని గాయని రూత్ బ్రౌన్ చేసిన పోరాటం ఫలితంగా 1988లో ఏర్పడిన రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్, 2008లో ఆమెకు మార్గదర్శకురాలిగా పురస్కారమిచ్చింది. నాలుగో స్థానం పాటకూ ఆ పురస్కారానికీ మధ్య 48 ఏళ్ళు.

ఫిలిప్పీన్స్ మూలాలున్న గాయనిగా ఆమెను చెప్పుకోవడం చాలా ఆలస్యంగా మొదలైంది. న్యూయార్క్‌లో ఇలాగే ఫిలిప్పీన్స్ తండ్రికీ నల్లజాతి తల్లికీ పుట్టిన జో బటాన్ లాటిన్ సోల్ పాడి పేరు తెచ్చుకున్నాడు. ఆయన్నూ చాలాకాలం లాటిన్ గాయకుడనే అనుకున్నారు. ప్రభుత్వ జనాభా లెక్కల్లో మనకంటూ ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి వచ్చింది కూడా 1980లోనే. అది ఊరికే రాలేదు, అప్పటి భారతీయ సంఘాలు పట్టుబట్టి సాధించుకున్నాయి.

వీసా నిబంధన మారిందని టీవీలో స్క్రోలింగ్ పడిన ప్రతిసారీ ఎడ్లపాడులో, చిలకలూరిపేటలో ఇంటింటా గుండె గుబేలుమంటుంది. ఆ భయం నాకు తెలుసు. అయితే ఇక్కడి తలుపు ఎవరి దయవల్లా తెరుచుకోలేదు, మన మార్కులు చూసీ తెరుచుకోలేదు. తోటల్లో దెబ్బలు తిన్న ఫిలిప్పీన్స్ కూలీలు, వీధుల్లో లాఠీలకు ఎదురునిలిచిన నల్లజాతివాళ్ళు దాన్ని తోసి తెరిచారు. ఇక్కడ మనవాళ్ళలో కొందరు నల్లవాళ్ళ గురించి చులకనగా మాట్లాడటం వింటుంటాను. అది అన్నం పెట్టిన చేతిని తిట్టడమే.

అందుకని ఊళ్ళోని తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. పిల్లల్ని విమానం ఎక్కించేముందు పచ్చళ్ళు, పొడులు కట్టివ్వండి, తప్పులేదు. వాటితోపాటు 1917, 1946, 1965 అనే మూడు సంవత్సరాలు కూడా గుర్తుపెట్టుకోమని చెప్పి పంపండి.