పెద్దలమాటయుఁ బెద్దసంఖ్యయు

ఒకటితో మొదలిడి 67 మాఱులు రెట్టింపు చేసి, వచ్చిన మొత్తమునుండి 1 తీసివేసినచో 14,75,73,95,25,89,67,64,12,927 అను సంఖ్య లభించును. ఇరువదియొక్క యంకెలు గల యీ సంఖ్య చరిత్రము గణితజ్ఞులకే కాక, పెద్దలమాటను పరీక్షింపవచ్చునా యని సంశయించు వారికెల్లరకును దెలియఁదగినది.

తనచేతను, ఒకటిచేతను దప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగ భాగింపఁబడని సంఖ్యను ప్రధానసంఖ్య యందురు. 3, 7, 31, 127 అట్టివి. ఇవి యన్నియు నీ రెట్టింపు పద్ధతిచేతనే వచ్చినవి. కాని యీ పద్ధతి నెల్లవేళల నమ్మరాదు. 11 మాఱులు రెట్టించి యొకటి తీసివేయఁగా వచ్చు 2,047ను 23 నిశ్శేషముగ భాగించును, లబ్ధము 89. కావున నొక్కొక్క సంఖ్యను వేఱువేఱుగఁ బరీక్షించియే నిర్ణయింపవలెను.

పారిసు నగరమున నివసించిన మెర్సెన్ అను క్రైస్తవ సన్న్యాసి, 1644వ సంవత్సరమునఁ బ్రకటించిన గ్రంథములో, 257 రెట్టింపుల వఱకుఁ బ్రధానసంఖ్యల నిచ్చునవి పదునొకండే యని వ్రాసెను. వానిలో 67 యొకటి. ఇంతటి పెద్దసంఖ్యలను బరీక్షించుటకుఁ గాలమంతయుఁ జాలదని చెప్పినవాఁడును ఆతఁడే! దేకార్తు, ఫెర్మా మున్నగు పండితులతో నుత్తరప్రత్యుత్తరములు జరిపిన గౌరవనీయుఁ డగుటచే నాతని పట్టికకుఁ బ్రతిష్ఠ కలిగెను. 67ను గూర్చిన మాట రెండువందల యేండ్లకు మించి ఖండింపఁబడక నిలిచెను.

1876లో ఎడ్వార్డు లూకా యను ఫ్రెంచి గణితజ్ఞుఁడు ఈ సంఖ్య ప్రధానము కాదని నిరూపించెను. ఆశ్చర్య మేమనఁగా, దానిని భాగించు సంఖ్య యేదియో యాతనికిని దెలియలేదు. తప్పున్నదని తేలెను గాని, తప్పు కన్నులఁబడలేదు.

1903వ సంవత్సరము అక్టోబరు నెలలో న్యూయార్కు నగరమున అమెరికా గణితసంఘము సమావేశమయ్యెను. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అను నాచార్యుఁడు లేచి నల్లబల్లపై 19,37,07,721ని 7,61,83,82,57,287చే గుణించి చూపెను. లబ్ధము సరిగా నా సంఖ్యయే! ఆతఁ డొక్కమాటయైనఁ బలుకక కూర్చుండెననియు, సభ్యులు కరతాళధ్వనులు చేసిరనియుఁ జెప్పుదురు. ఈ సాధనకు మూఁడేండ్ల యాదివారములు పట్టెనని యాతఁడు చెప్పినట్లు గణితచరిత్రకారుఁడు బెల్ వ్రాసియున్నాఁడు.

పట్టికలో మఱికొన్ని లోపములును బయలుపడెను. 257 కూడ నందు చేరఁదగినది కాదు. చేరఁదగిన 61, 89, 107 విడువఁబడినవి. ఐదు తప్పులు దిద్దఁబడినను మెర్సెన్ గౌరవమునకు భంగము కలుగలేదు. 2024లోఁ గనుఁగొనఁబడిన, నాలుగు కోట్లకు మించిన యంకెలుగల ప్రధానసంఖ్యకును మెర్సెన్ సంఖ్య యనియే పేరు. పెద్దల తప్పు దిద్దుట పెద్దలను దూషించుట కాదు. వారు తలపెట్టిన పనిని ముందునకు సాగించుటయే.

కోల్ చేసిన గుణకారమును మన యిండ్లలో నే బాలికయైనఁ బలకమీఁదఁ జేసి చూచుకొనవచ్చును. ఆమె లెక్క సరియైనచో, సన్న్యాసి మాటకంటె నామె పలకయే ప్రమాణము. మన యాచారములలో నేవేవి యిట్టి పరీక్షకు నిలుచునో చదువరులు యోచింతురు గాక.